చక్రాల ఇల్లు కోట బయటే!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లిన అమ్మానాన్నలు చూసొచ్చే జాబితా అందరికీ తెలిసిందే... నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్. రెండోసారి వెళితే ఏం చూపించాలన్నదే సమస్య! న్యూజెర్సీ, బోస్టన్ వైపు ఉండేవాళ్లకు ఓ మంచి దారి ఉంది. సరిహద్దు దాటితే చాలు, కెనడాలో ఫ్రెంచి మాట్లాడే పాత ఊళ్లు మాంట్రియల్, త్రువా రివియేర్, క్యూబెక్ సిటీ వరసగా వస్తాయి. వంటగది, పడకలు, బాత్‌రూమ్ అన్నీ ఉండే ఆర్వీ బండిని అద్దెకు తీసుకుంటే హోటళ్ల వెతుకులాట ఉండదు. పెద్దవాళ్లకు వేళకింత పెరుగన్నం దొరుకుతుంది. అయితే ఈ చక్రాల ఇంటిని ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోకపోతే మాత్రం చూడాల్సిన ఊరు అద్దాల్లోంచే చూడాల్సి వస్తుంది.

అంతకన్నా ముందు తేలాల్సింది వీసా. అమెరికా వీసా ఉంది కదా అని భారతీయ పాస్‌పోర్టుతో కెనడాలోకి వెళ్లడం కుదరదు. చూడవచ్చిన అమ్మానాన్నలకూ, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకూ కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ బెడద లేదు. బండి బుక్ చేసేశాక నాన్నగారి వీసా రాలేదంటే ప్రయాణం మానుకోవడమా, ఆయన్ను ఇంట్లో వదిలి వెళ్లడమా? ఆ పరిస్థితి రాకుండా నెలల ముందే దరఖాస్తు చేయాలి. అద్దె కంపెనీకీ సరిహద్దు దాటుతున్నట్టు చెప్పి, బీమా అక్కడా చెల్లుతుందని కాగితం తీసుకోవాలి.

తేదీల్లో ఒక చిక్కుంది. జులై ఆఖరు రెండు వారాలూ క్యూబెక్‌లో భవన నిర్మాణ రంగానికంతటికీ సెలవులు. ఆ పదిహేను రోజులూ జనమంతా క్యాంపుల్లోనే! జూన్ 24 వాళ్ల రాష్ట్ర పండగ. ఈ రెండూ తప్పించుకుంటే మేలు. పిల్లల బడి అడ్డు రాకపోతే సెప్టెంబరు చివర్లో వెళ్లాలి. అప్పటికి మేపుల్ చెట్లు ఎర్రబారడం మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. క్యూబెక్ సిటీని 1608లో షాంప్లేన్ స్థాపించాడు. మనుషులూ గుర్రాలూ తిరగడానికి వేసిన సందులు, చుట్టూ 4.6 కిలోమీటర్ల కోటగోడ. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఆ వీధుల్లోకి ముప్ఫై అడుగుల బండిని తోలుకెళ్లడం మన చార్మినార్ గాజుల బజార్లోకి లారీ తేవడమే! అందుకే బండిని సెయింట్ లారెన్స్ నదికి ఇవతల, లెవీ వైపు క్యాంప్‌గ్రౌండ్లో ఆపేయాలి. అక్కడి నుంచి టాక్సీలో రేవుకు వెళ్లి ఫెర్రీ ఎక్కితే పది, పన్నెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఊరిని మొదటిసారి నీళ్ల మీంచి చూడటమే అందం. కొండ మీద 1893 నాటి షాతో ఫ్రాంతెనాక్ హోటల్ రాజమహల్లా నిలబడి ఉంటుంది. కింది ఊరి నుంచి పై ఊరికి మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులవాళ్లకు కొండ వాలున పాకే ఫ్యునిక్యులర్ ఉంది.

పైన అబ్రహాం మైదానం దగ్గర పెద్దవాళ్లు కాసేపు ఆగాలి. 1759 సెప్టెంబరు 13న ఇంగ్లిషు, ఫ్రెంచి సేనలు ఇక్కడే తలపడ్డాయి. ఇద్దరు సేనాపతులూ గాయాలతో చనిపోయారు. అదే యుద్ధం అదే ఏడాది ఏప్రిల్‌లో మన మచిలీపట్నం కోటనూ ఫ్రెంచివారి చేతుల్లోంచి తప్పించింది. అంతకు రెండేళ్ల ముందు బొబ్బిలి మీదకొచ్చిన బుస్సీ సంగతి ఏ తెలుగువాడికి తెలియదు? మన దగ్గర ఫ్రెంచి జెండా యానాంలో 1954 దాకా మిగిలింది. ఇక్కడ జెండా 1763లోనే పోయింది, భాష మిగిలింది. బండ్ల నంబరు ప్లేట్ల మీద ‘నాకు గుర్తుంది’ అన్న మాట ఫ్రెంచిలో రాసుకుంటారు వీళ్లు! ఫ్రాన్సులో సైతం ‘స్టాప్’ అని ఉండే బోర్డు మీద ఇక్కడ ‘అరె’ అని ఉంటుంది. మనవాళ్లకు నవ్వొచ్చినా బండి ఆపి తీరాల్సిందే.

దారి విషయానికొస్తే, న్యూయార్క్ నుంచి మాంట్రియల్ దాదాపు 600 కిలోమీటర్లు, అక్కణ్నుంచి క్యూబెక్ సిటీ మరో 250. మాంట్రియల్ సొరంగాల్లో ప్రొపేన్ సిలిండర్లున్న బండ్లపై ఆంక్షలున్నాయి. వంటగ్యాసుతో వెళ్లే ఆర్వీకి ఆ తంటా ఎందుకు? 15వ నంబరు రహదారి మీంచి 30కి, అక్కణ్నుంచి 20కి మళ్లితే మాంట్రియల్లో అడుగుపెట్టకుండానే లెవీ చేరొచ్చు. వంతెనల ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది కాబట్టి బండి ఎత్తును కూడా మీటర్లలో రాసి స్టీరింగు ముందు అంటించుకోవాలి. మాంట్రియల్‌ను తిరుగు ప్రయాణంలో చూస్తే చాలు. అక్కడా అంతే, బండి బయటే ఉంచి లోంగై నుంచి మెట్రో ఎక్కడం. నాలుగు రోజులే ఉంటే మాంట్రియల్‌ను వదులుకోవచ్చు గానీ క్యూబెక్‌కు రెండు పూర్తి రోజులు ఇవ్వాల్సిందే.

క్యాంపులో చోటు బుక్ చేసేటప్పుడు ‘రెండు సర్వీసులు’, ‘మూడు సర్వీసులు’ అని అడుగుతారు. రెండంటే నీళ్లు, కరెంటు. మూడోది మురుగు గొట్టం. కుటుంబంతో వెళ్లేవాళ్లు మూడూ తీసుకోవడమే సుఖం. 30 ఆంప్స్ కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. అన్నం వండుకునే అరగంటా ఏసీ కట్టేయాలి. చలిమంటకు కట్టెలు ఇంటినుంచి తీసుకెళ్లకూడదు, సరిహద్దులో ఆపేస్తారు. శాకాహారులు అక్కడి పూటీన్ తినేముందు గ్రేవీ దేనితో చేశారో అడగాలి, మామూలుగా అందులో మాంసం రసం ఉంటుంది.

బండి అప్పగించే ముందు మురుగు ట్యాంకు ఖాళీ చేయకపోతే అద్దె కంపెనీ అదనంగా వసూలు చేస్తుంది. ఆ పని మాత్రం ఎలా పంచుకున్నా చివరికి అల్లుడి వాటాకే వస్తుంది!