ఊరుమ్మడి క్రీడాస్థలము

గోల్ఫ్ అనగానే మన సోదరీమణులలో పలువురకు ధనికుల విలాసమే తలపునకు వచ్చును. కఱ్ఱతో చిన్నబంతిని కొట్టి, దూరదూరముగా నున్న పదునెనిమిది గుంటలలో వరుసగా పడవేయుటయే యీ యాట. దీనికి విశాలమైన నేల వలయును. కావున పలుచోట్ల సిరిగలవారి సంఘములే యట్టి నేలను సంపాదించి, తమవారిని మాత్రమే లోనికి రానిచ్చుచుండును. కాని యీ యాటకు పుట్టినిల్లని పేరొందిన చోట నేల యే సంఘమువారిదియు కాదు, ఊరివారిది. ఇందువలన స్త్రీలకు గలిగిన మేలెట్టిదో మన పాఠకురాండ్రకు తెలుపదలచితిమి.

స్కాట్లండు సముద్రతీరమున సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి తీరభూమిలో ఆడుకొనుటకు పురజనులకు గల హక్కును 1552లో ప్రధాన మతాధికారి పత్రమూలమున స్థిరపఱచెను. 1797లో పురపాలక సంఘము అప్పులపాలై యా నేలను అమ్మివేసెను. పిమ్మట నచ్చట కుందేళ్లను పెంచసాగిరి. ఆటగాండ్రకును వారికిని వ్యాజ్యములు నడచెను. 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి దానిని కొని యాటకు నిలిపెను. తుదకు 1894లో పార్లమెంటు శాసనముచే పట్టణము దానిని మరల పొందెను. చేజాఱిన యుమ్మడి సొత్తు తిరిగి వచ్చుటకు దాదాపు నూఱేండ్లు పట్టినది!

1974 నాటి శాసనముచే నేర్పడిన ధర్మకర్తల సంస్థ యిప్పుడు దీనిని నిర్వహించుచున్నది. అందఱకును తెఱచిన యాటస్థలములు ఏడు కలవు. వానిలో బాల్గోవ్ అనునది తొమ్మిది గుంటలది. పిల్లలకును క్రొత్తగా నేర్చువారికిని అనుకూలమైనది. అభ్యాసస్థలము, అద్దెకిచ్చు కఱ్ఱలు, భోజనశాలలు కూడ నున్నవి. మిక్కిలి ప్రాచీనమైన ఓల్డ్ కోర్సున ఆడగోరువారు పెక్కుమంది. కావున చీట్లు వేసి కొందఱకు అవకాశ మిత్తురు. ఆదివారమున సాధారణముగా నందు ఆట యుండదు. ఆనాడు ఊరివారు పిల్లలతో వచ్చి పచ్చికపై విహరింతురు.

ఇక స్త్రీల మాట. 1867లో నచ్చటి వనితలు తమకై యొక సంఘము నేర్పఱచుకొనిరి. స్త్రీ భుజముపైకి కఱ్ఱ యెత్తి కొట్టుట మర్యాద గాదని తలంచిన కాలమది. కావున బంతిని మెల్లగా దొర్లించు ఆటయే వారికి దక్కినది. మిట్టపల్లములతో నిండిన వారి పచ్చికకు ‘హిమాలయములు’ అని పేరు. నేడు స్వల్ప రుసుముతో నెవ్వరైనను అచ్చట ఆడవచ్చును.

ఓల్డ్ కోర్సు మొదటనే 1754లో పుట్టిన పురుషుల సంఘమువారి మందిరము కలదు. ఆ రాయల్ అండ్ ఏన్షియంట్ సంఘము స్త్రీలను సభ్యురాండ్రుగా జేర్చుకొనుటకు 2014లో గాని సమ్మతింపలేదు. అయినను నేల పట్టణముది యగుటచే, స్త్రీలు ఆడరాదని చెప్పు నధికారము వారికి లేకపోయెను. 2007లోనే, అనగా సంఘము తలుపులు తెఱచుటకు ఏడేండ్లు ముందుగనే, బ్రిటిష్ ఓపెన్ మహిళల పోటీ యా నేలపై జరిగినది.

సోదరీమణులారా! పురపాలక సంఘపు మైదానమును విక్రయింప దలచినప్పుడు, అది యాటలాడు పురుషుల గొడవ యని మన ముపేక్షింపరాదు. సంఘములు కాదన్న వారికిని నిలువ నీడ యిచ్చునది యుమ్మడి నేలయే.