కోలారు తెలుగు విద్యార్థి – ఇంజనీరింగ్ కళాశాలల వరుస

పి.యు.సి. ఫలితాలు వెలువడగానే కోలారు జిల్లాలోని తెలుగు కుటుంబాలలో ఒకటే చర్చ: పిల్లలను ఏ ఇంజనీరింగ్ కళాశాలలో చేర్పించాలి? ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వారు మదనపల్లె అంటారు, కె.జి.ఎఫ్. వారు కుప్పం అంటారు. అక్కడందరూ మనవాళ్లే కదా అన్నది వారి ధీమా. భాష మనదైనంత మాత్రాన సీటు మనదవుతుందా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే చెందుతాయి. తక్కిన 15 శాతానికీ నివాస నిబంధనలున్నాయి. కర్ణాటకలో పుట్టి, ఇక్కడే చదివిన మన పిల్లలకు సాధారణంగా మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు, దానితోపాటు అప్పు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన ఊరిలో ఆ అప్పు ఎంతటి భారమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడి సి.ఇ.టి. మాత్రం మన హక్కు. కర్ణాటకలో ఏడేళ్లు చదివి, ఇక్కడే పి.యు.సి. ఉత్తీర్ణులైనవారికి మాతృభాష అడ్డు కాదు. ర్యాంకులో సగం పి.యు.సి. మార్కులు, సగం ప్రవేశ పరీక్ష మార్కులు. ఒకటి నుండి పదవ తరగతి వరకు పల్లెలో చదివినవారికి 15 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం రిజర్వేషన్లున్నాయి. రెండవది తెలుగు మాధ్యమం వారికి వర్తించదు, మొదటిది వర్తిస్తుంది. భాషాపరమైన అల్పసంఖ్యాకులను రాష్ట్రం ప్రమాణంగా నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ లెక్కన కర్ణాటకలో తెలుగువారు అల్పసంఖ్యాకులే. ఇటువంటి అర్హతలన్నీ దరఖాస్తులోనే కోరుకోవాలి. కోరనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇక కళాశాలల వరుస. ఆప్షన్ల పట్టికలో మనం వ్రాసిన క్రమంలో, మన ర్యాంకుకు అందే మొదటి సీటునే కేటాయిస్తారు. కనుక అందదేమో అనుకొన్న కళాశాలను పైన వ్రాసినందువలన నష్టమేమీ లేదు. భయంతో దగ్గరి కళాశాలను మొదట వ్రాస్తేనే నష్టం. ర్యాంకుకు మించినది అందే అవకాశమున్నా దానితోనే ఆగిపోతాము. ఆడపిల్లల విషయంలో ఈ అన్యాయం తరచుగా జరుగుతున్నది. ఊరిగాంలో 1986 నుండి ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. అది మనకొక వరమే. అయితే అది పట్టికలో ఉండవలసిన చోటు అమ్మాయి ఇష్టాన్ని బట్టి, ర్యాంకును బట్టి తేలాలి గాని, ఇంటివారి భయాన్ని బట్టి కాదు. మారికుప్పం నుండి ఉద్యోగాలకై రోజూ బెంగుళూరు రైలెక్కే ఊరు మనది. బెంగుళూరు కళాశాల మనకు దూరమెట్లా అవుతుంది?

1917లో బెంగుళూరులో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల (నేటి యు.వి.సి.ఇ.) స్థాపనకు మూలపురుషుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో పుట్టిన తెలుగింటి బిడ్డ ఆయన. బెంగుళూరులో బి.ఏ. ముగించి, మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనా వెళ్లి, 1883లో ఇంజనీరు అయినాడు. ఆ కళాశాల పేరు మన పిల్లల పట్టికలలో ఎంతమంది వ్రాస్తున్నారో ప్రతి ఉపాధ్యాయుడూ విచారించాలి.

ప్రవేశాల సమాచారమంతా ఇంగ్లీషులో, కన్నడంలో వస్తుంది. తెలుగు మాత్రమే చదవగల తల్లికి దానిని ఆమె భాషలో వివరించడం మన పని. ఆ పని పి.యు.సి. ఫలితాల నాటికి కాదు, పదవ తరగతిలోనే మొదలుకావాలి. తెలుగు బడి పద్యాలకూ పరీక్షలకే గాక ఇటువంటి అక్కరకూ నిలిచినప్పుడే, అది తమ బడి అని ఈ జిల్లా తెలుగువారు నమ్ముతారు.