‘మనకి ఫుట్‌బాల్ యాడిది మచ్చా?’

మా ఏర్పేడులో వెంకటగిరి రోడ్డు తిరిగే దగ్గర ఒక టీ అంగడి ఉంది. బెంగళూరు నుంచి ఊరికి పోయినప్పుడల్లా నేను తేలేది అక్కడే. 2025 ఆగస్టు మొదటి ఆదివారం కూడా అక్కడే తేలాను. నాతో బళ్ళో చదువుకున్న ఇద్దరు, ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక మలప్పురం అబ్బాయి, నేను. ఆ అబ్బాయి మాకు 2022 ప్రపంచ కప్ ఫైనల్ రాత్రి దొరికాడు. ఊళ్ళో అర్జెంటీనా చొక్కాతో తిరుగుతున్న మనిషి అతనొక్కడే కాబట్టి దొరకడం కష్టం కాలేదు. (ఏర్పేడుకి మలయాళీలు కొత్త కాదు. వ్యాసాశ్రమం పెట్టిన మలయాళ స్వామి కాలం నుంచీ వస్తానే ఉన్నారు.)

ఐరోపా సీజన్ ఇంకా మొదలవలేదు. క్లబ్బులన్నీ ఆసియా దేశాలు తిరుగుతూ స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుకునే కాలం. అభిమానికి అసలు పండగ ఇదే. ఎవడూ ఇంకా ఓడిపోలేదు, ప్రతి పిల్లాడూ రేపటి మెస్సీనే.

“డౌమన్‌ని చూస్తివా? పదహైదేండ్లు మచ్చా! సింగపూర్‌లో న్యూకాజిల్ మీద దిగి పెనాల్టీ తెచ్చినాడు.”

“మావాడు ఎన్గుమోహాకి పదహారే. యోకొహామాలో గోలు కొట్టినాడు. ఈ సీజన్లో దింపుతారు చూడు.”

మాక్స్ డౌమన్ 2009 డిసెంబర్ 31న పుట్టాడని మా టేబుల్ మీద అందరికీ తెలుసు. నాకూ తెలుసు. సిగ్గుపడుతూ చెప్తున్నా, మా మేనకోడలి పుట్టినరోజు మాత్రం ఫోన్ గుర్తు చేయాలి.

మాటలు ప్లేయర్ల నుంచి సినిమాలకి జారాయి. ఎవరికి ఏ ఫుట్‌బాల్ సినిమా ఇష్టం? ఒకడు 2005 నాటి ‘గోల్’ అన్నాడు, ఇంజనీరింగ్ హాస్టల్లో సీడీ అరిగిపోయేదాకా చూశాడట. ఇంకొకడు ‘బెండ్ ఇట్ లైక్ బెకమ్’. నేను జాఫర్ పనాహీ ‘ఆఫ్‌సైడ్’ అన్నా. టెహ్రాన్ స్టేడియంలోకి మగ వేషంలో దూరబోయి పట్టుబడిన ఆడపిల్లల కథ. ఆట మనకి కనపడదు, గోడ అవతల జనం అరుపు వినపడుతుంది, అంతే. మలప్పురం అబ్బాయి ఆలోచించకుండా ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ అన్నాడు. వాళ్ళ ఊరి సెవెన్స్ ఆట, వాళ్ళ ఊరి అమ్మలు, ఆడేదానికి వచ్చి కాలు విరిగి వాళ్ళింట్లో పడుకున్న నైజీరియా కుర్రాడు. తర్వాత అమాయకంగా అడిగాడు, “మీ తెలుగులో ఏది మంచిది?”

కాసేపు టీ తాగిన చప్పుడు. “విజిల్” అన్నాడు మావాడు. అది అరవ ‘బిగిల్’కి డబ్బింగ్. ఆడపిల్లల జట్టు మైదానంలో ఉంటుంది, సినిమా మాత్రం విజయ్ చుట్టూ తిరుగుతుంది. అందరం నవ్వినాం. అప్పుడు రెండోవాడు అన్నాడు, “అయినా మనకి ఫుట్‌బాల్ యాడిది మచ్చా?”

నా పేచీ ఈ ఒక్క మాటతోనే.

ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న ఏర్పడింది. ఈ తేదీ పోటీ పరీక్షలు రాసిన ప్రతివాడికీ నోటికొచ్చు. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి పోయింది. నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎక్కింది లేదు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బడిపంతులు. జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్. అంటే కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు, రాష్ట్రం పుట్టిన నెలకి, ప్రపంచంలో నాలుగోదైన జట్టుకి గురువునీ ఆటగాళ్ళనీ ఇచ్చింది. ఈ తేదీ ఏ గైడులోనూ నేను చదవలేదు.

అది ఒక్కరోజు అదృష్టం కూడా కాదు. రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌ది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీదే గెలిచారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకాలు రెండూ రహీం చేతిమీదే వచ్చాయి. ఆ తర్వాత ఫుట్‌బాల్‌లో ఆసియా బంగారం మనకి రానే లేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనా హైదరాబాదీయే.

మరి ‘మనకి యాడిది’ అనే మాట మా నోట్లోకి ఎట్లా వచ్చింది?

ఈ పేర్లన్నీ టీ అంగట్లో చెప్పినప్పుడు మావాడు చాలా నిజాయితీగా ఒక మాటన్నాడు. “వాళ్ళంతా హైదరాబాద్ తురకోళ్ళు, అరవోళ్ళు కదప్పా. తెలుగు ఫుట్‌బాల్ కాదు కదా.” వాడు చెడ్డవాడు కాదు. చాలామంది మర్యాదగా దాచుకునే లెక్కని వాడు పైకి అన్నాడు, అంతే. ఆ లెక్క ప్రకారం హైదరాబాద్ బిర్యానీ మనది. చార్మినార్ మనది, ‘ఒక్కడు’ సినిమా కోసం సెట్టు వేసుకునేంత మనది. దక్కనీ యాస మన కామెడీ ట్రాకులకి కావాలి. ఆ ఊరి గల్లీల్లో ఉర్దూ మాట్లాడుతూ ఆడినవాడి బంతి మాత్రం మనది కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం ఇంట్లో తమిళం మాట్లాడితే ఆయన మెల్‌బోర్న్‌లో పరిగెత్తింది ఎవరి తరఫున? మా చిత్తూరు సీమలో సగం ఊళ్ళలో ఇంట్లో అరవం, వీధిలో తెలుగు. ఆ లెక్కన మేమూ పోవాల్సినవాళ్ళమే. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ రోజు నా టైమ్‌లైన్ అంతా ఐరోపా క్లబ్బుల గొడవే. నేనూ వాటి మీదే ఏదో రాశాను.

చివరికి రహీం కథని సినిమా తీసింది బొంబాయివాళ్ళు. అమిత్ శర్మ దర్శకత్వంలో అజయ్ దేవగణ్ ‘మైదాన్’, 2024 ఏప్రిల్‌లో వచ్చింది, డబ్బులు రాలేదు. నాకు నచ్చింది, ముఖ్యంగా జకార్తా ఫైనల్ తీసిన పద్ధతి. కాళ్ళ మధ్య కెమెరా పెట్టి, ఒక పాస్ ఎవడి దగ్గర మొదలై ఎవడి దగ్గర ముగిసిందో చూపిస్తారు. కానీ అది భారత జట్టు సినిమా, హైదరాబాద్ ఫుట్‌బాల్ సినిమా కాదు. ఐదు రోవర్స్ కప్పుల పోలీసుల కథ అందులో ఇమడలేదు. ఇమడకపోవడం వాళ్ళ తప్పని నేను అనను. తీయాల్సింది మనం.

మనం తీస్తే ఏమవుతుందో కూడా ఊహించగలను. తెలుగు సినిమాకి ఆట అంటే హీరో కొట్టే మరో ఫైటు. ‘సై’లో రగ్బీ కాలేజీ స్థలం కోసం. ‘ఒక్కడు’లో కబడ్డీ హీరో కండలకి సాక్ష్యం. ‘జెర్సీ’ వేరే స్థాయి సినిమా, ఒప్పుకుంటా, చాలాసార్లు చూశా కూడా. కానీ క్రికెట్ మన హీరోకి సరిపడే ఆట. బ్యాట్ పట్టుకుని ఒకడు నిలబడతాడు, ప్రపంచమంతా వాడి మీదికి వస్తుంది, స్లో మోషన్ దానంతటదే పుడుతుంది. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాల్లో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది మొత్తం కలిపినా కొద్ది నిమిషాలే. మిగతా సేపంతా వాడు చేసేది ఖాళీ వెతుక్కుంటూ పరిగెత్తడం. మన స్టార్‌ని ఎనభై ఏడు నిమిషాలు బంతి లేకుండా పరిగెత్తించే దర్శకుడు ఎవరు?

ఇక్కడే రహీం నాకు మరీ ఇష్టం. ఆయన హైదరాబాద్‌లో కుర్రాళ్ళకి వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి రాగానే పక్కవాడికి ఇవ్వాల్సిందే, నలుగురిని తప్పించుకుని పోయే విన్యాసాలు కుదరవు. ఇంకొకదాంట్లో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ళుగా ఉన్నా, ఇంత శుభ్రమైన డిజైన్ నేను తక్కువ చూశాను. ఏది తేలికో దాన్ని మూసేస్తే, మిగిలినది తప్పక నేర్చుకుంటారు. ఆ డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్‌ని ఒక్కసారి మన సినిమాలో ఊహించుకోండి. ఎలివేషన్ సీనుకి చోటే లేదు. మాకు నచ్చిన సినిమాల జాబితాలో తెలుగు పేరు లేకపోవడానికి ఫుట్‌బాల్ లేకపోవడం కారణం కాదు. పదకొండు మందిని ఒకేసారి చూడటం మనకి రాదు.

‘మరి ఇప్పుడు ఎవరున్నారు చెప్పు, పాత కథలు కాదు’ అంటారు. సరే. 2019లో పుణె క్లబ్బు మూతపడిన చోట హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది, కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మలప్పురం అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదట. నాకు ఆ మ్యాచ్ ఉందని మర్నాడు తెలిసింది. మూడేళ్ళలో అప్పులు, జీతాల గొడవలు, చేతులు మారడం. 2025 చివరికి ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. అదే ఊరు ఒక సినిమా షూటింగుని వదులుకుని ఉంటే ఎన్ని చర్చలు జరిగేవో.

మేం టీ తాగుతూ ఆర్సెనల్ ప్రీసీజన్ లెక్కలు వేస్తున్న ఆ రోజుకి మన ఐఎస్ఎల్‌కి అసలు సీజనే లేదు. ఫెడరేషన్‌తో ఒప్పందం తేలక జూలైలోనే నిర్వాహకులు ఆపేశారు, ఇక్కడి ఆటగాళ్ళు జీతాలు వస్తాయో రావో తెలియక ఇళ్ళల్లో కూర్చున్నారు. ఇది మా నలుగురిలో మలప్పురం అబ్బాయి ఒక్కడికే బాధ. గుగులోత్ సౌమ్య పేరు చెప్పినప్పుడు కూడా అతని ముఖమే వెలిగింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో క్రొయేషియా పోయి దినమో జాగ్రెబ్‌కి ఆడింది. మేం పుట్టిన తేదీలు బట్టీ పట్టిన ఐరోపా ఫుట్‌బాల్‌లో, తెలుగు నేల మీంచి పోయి నిలబడిన మనిషి. మా తెలుగు టేబుల్ మీద ఆమె పేరు ఎత్తినవాడు కేరళవాడు.

ఇంతకీ ‘ప్రాస్పెక్ట్’ అనే మాట మనకి తెలియనిదేం కాదు. పదేళ్ళ పిల్లల్ని జల్లెడ పట్టి, పరీక్ష పెట్టి, పనికొచ్చేవాళ్ళని విడిగా తీసి, హాస్టల్లో పెట్టి తోమే అకాడమీలు మనకి ఐరోపా కన్నా ఎక్కువే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. నేనూ ఆ జల్లెడలోంచే వచ్చాను, ఫిర్యాదు చేసే హక్కు నాకు తక్కువ. నేను చదివిన జూనియర్ కాలేజీ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఆటల పీరియడ్ అంటే మేడ మీద ఆరేసిన బట్టల మధ్య అరగంట.

మా చిన్నాన్న మనవడికి పదమూడేళ్ళు. స్వర్ణముఖి ఇసకలో ఉత్త కాళ్ళతో ఆడుతూ పెరిగాడు. ఇసకలో బంతి దొర్లదు, అందుకని వాడు దాన్ని గాల్లోనే ఉంచడం నేర్చుకున్నాడు. ఆ జూన్‌లో వాణ్ణి తిరుపతిలో ఒక రెసిడెన్షియల్‌లో వేశారు. ఐఐటీ సీటు రావాలని. వాళ్ళ నాయన పక్కన కూర్చుని నేనే ఫీజుల లెక్క వేసిచ్చాను. ఐఐటీ క్యాంపస్ ఉన్నది మా ఏర్పేడులోనే. అక్కడ చేరడానికి వాడు ఏర్పేడు వదిలిపెట్టి, మైదానం లేని బిల్డింగులో ఐదేళ్ళు ఉండాలి.

నేను వీధికొక ఫుట్‌బాలర్ రావాలని కోరడం లేదు. ఇంగ్లండ్ పిల్లల్ని చూడొద్దనీ అనడం లేదు. ఆ నెలాఖరున ఎన్గుమోహా న్యూకాజిల్‌లో నూరో నిమిషంలో గోలు కొట్టి గెలిపించినప్పుడు, మావాడు అర్ధరాత్రి దాటాక “చెప్పినానా లేదా” అని మెసేజ్ పెడితే, నేనూ బెంగళూరులో మంచం మీంచి లేచి గెంతాను. కానీ లండన్ పదిహేనేళ్ళవాడిలో భవిష్యత్తు చూసే కన్ను, ఇసకలో ఆడే పదమూడేళ్ళవాడి దగ్గరికి వచ్చేసరికి ‘ముందు మ్యాథ్స్ ఎట్లుంది’ అని అడుగుతుంది. నా కన్నే. అట్లా అడిగి, తర్వాత టీ అంగట్లో కూర్చుని మనకి ఫుట్‌బాల్ యాడిది అనడం అబద్ధం.

ఆ ఆదివారం వాడికి ఔటింగ్. సాయంత్రం ఏటి ఒడ్డుకి తీసుకుపోయాం. రహీం టోర్నమెంట్ సంగతి చెప్పి, ఎడమకాలితోనే తన్నాలి అన్నాను. వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. మొదటిది తుమ్మచెట్లలోకి పోయింది. రెండోది మలప్పురం అబ్బాయి మోకాలికి తగిలింది. ఏడోదో ఎనిమిదోదో నేరుగా వచ్చి నా చేతుల్లో పడింది. వాడు ఇంకోటి వేయమన్నట్టు చెయ్యి ఊపాడు.

“ఐదున్నర అయిపాయ, బస్సు పోతుంది,” అని ఒడ్డు మీద నుంచి వాళ్ళ నాయన కేకేశాడు.