ఆ దండాన్ని ప్యాకేజీలోంచి తీసేయండి

అతిథుల బసకు తెరిచిన పాత దొరల గడీ నిర్వాహకులకు,

మీ గడీ పేరు గానీ, ఊరి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న శని, ఆదివారాలు పిల్లల్ని తీసుకుని బయల్దేరాం. కొలనుపాక జైన మందిరం, పెంబర్తి ఇత్తడి పని, పోతన ఊరు బమ్మెర, పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట చూసుకుని రాత్రి బసకు మీ దగ్గరికి చేరాం.

మరమ్మతులకు వంక పెట్టను. డంగుసున్నం గోడల మీద సిమెంటు పడనివ్వలేదు. మండువాలో టేకు స్తంభాల చెక్కడం చెక్కుచెదరలేదు. బురుజుల్లో తుమ్మచెట్లు మొలిచిన గడీలు ఎన్ని చూడలేదు! దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వస్తే సంతోషించినదాన్నే. నా గొడవ గోడలతో కాదు.

మీరు ఈమధ్యే బస ప్యాకేజీలో మొదలుపెట్టిన ‘దొర దర్బారు’తో. సాయంత్రం అతిథికి జరీ తలపాగా చుట్టి, పొన్నుకర్ర చేతికిచ్చి, అరుగు మీద పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. ఎదురుగా ఓ పిల్లగాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మోకాళ్ల పైకి పంచె, భుజాన గొంగడి, కాళ్లకు చెప్పుల్లేవు. ఫోటోగ్రాఫర్ సైగ చేయగానే అతను వంగి, ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్త’ అనాలి. ఫోటో సరిగ్గా రాలేదని మా ముందున్న కుటుంబం ఆ మాట మళ్లీ అనిపించింది. నవ్వులు. అయ్యాక అతను గొంగడి మడతపెట్టి, అరుగు కింద దాచుకున్న ఫోను తీసి చూసుకున్నాడు. ‘ఈ ఊరేనా బాబూ?’ అంటే అవునన్నాడు. తాత ఏం చేసేవాడని అడగడానికి నోరు రాలేదు.

మీ మేనేజరును అడిగితే ‘ఊరికే సరదాకి మేడమ్’ అన్నారు. ఎవరి సరదా అండీ? ఆ ‘బాంచన్’ మాట ఎవరు, ఎవరి ముందు, ఏ భయంతో అనేవారో మీకు తెలియదా? చాకలి గడీ బట్టలుతికి, కుమ్మరి కుండలిచ్చి, మాదిగ చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టి, పైసా అడగకుండా వెనక్కి వెళ్లాల్సిన రోజులు మీకు ఆటలా ఉన్నాయా? దొర బండి కదిలితే ముందు పరుగెత్తినవాడి మనవడు ఇప్పుడు మీ ఫోటోల కోసం వంగాలా?

మీ బోర్డు కూడా చదివాను. వంశవృక్షం ఉంది, వేటల ఫోటోలున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య లేడు. పంటను దొర మనుషులకు దక్కనివ్వని పాలకుర్తి చాకలి ఐలమ్మ లేదు. 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటమే లేదు. ‘అనంతరం కుటుంబం పట్నం వెళ్లి స్థిరపడింది’ అని ఒక్క ముక్క రాశారు. ఎందుకు వెళ్లింది? గాలి మార్పు కోసమా? ఈ గోడలకు రాళ్లెత్తినవాళ్ల ఊసు ఒక్క వాక్యమైనా రాయడానికి చోటు చాలలేదా?

ఊరివాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారని, బతుకమ్మకు కూడా వాకిలి తీయరని టీకొట్టు దగ్గర విన్నాను. అవన్నీ పాత సంగతులు, మీకు చెప్పినవే, మీరు జవాబివ్వనివే అన్నారు.

ఆ బోర్డు ఎలా తిరగరాయాలో, గైడు ఏం చెప్పాలో నేను చెప్పలేను. ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, పిలిచి అడగండి. ఏదో ఒకటి చేయండి. ఆ దండం ఆపేయండి, కానీ ఈ ఉత్తరం చూసి ఆ పిల్లగాడిని మాత్రం పనిలోంచి తీసేయకండి. అతనికి జీతం కావాలి. గడీ చూపించే పని ఇవ్వండి, లెక్కలు రాసే పని ఇవ్వండి, చెప్పులేసుకుని నిలబడి చేసే పని ఏదైనా ఇవ్వండి.