వెలుగు వడియాలు

మొన్న ఏప్రిల్లో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి లేచాను. ఎండాకాలం మా బాచుపల్లి అపార్ట్‌మెంట్లలో నీళ్ళ ట్యాంకర్ చప్పుడే మాకు కోడికూత. కానీ ఆ రోజు దానికంటే ముందు ఇంకో హోరు వినిపించింది. మావాడి గదిలోంచి. వాడేమో ముసుగు తన్ని నిద్రపోతున్నాడు. కంప్యూటర్ తెర నల్లగా ఉంది, కింద డబ్బా మాత్రం మిక్సీలా మోగుతోంది. కట్టడం మర్చిపోయి పడుకున్నాడు కాబోలు, బిల్లు కట్టేది వీళ్ళ నాన్న కదా అని గొణుక్కుంటూ గోడ స్విచ్చి నొక్కేశాను.

ఏడింటికి లేచాక వాడు పెట్టిన కేకకి పక్క ఫ్లాట్ ఆవిడ కూడా తలుపు తీసింది.

"అమ్మా, బేకింగ్ అవుతోందమ్మా! ఆరు గంటల బేకింగ్ పోయింది!"

నాకు తెలిసిన బేకింగ్ అంటే కుక్కర్లో ఇసుక పోసి కేకు చేయడం. ఆరు గంటలు ఏం కాల్చావురా అంటే, "వెలుగు" అన్నాడు. మా వారు పేపర్ మడిచి పక్కన పెట్టారు. మావాడు బీటెక్ రెండో సంవత్సరం. మొదటి సంవత్సరం లెక్కల పేపర్ ఒకటి ఇంకా మిగిలి ఉంది. "లెక్కలు మిగిలాయి, వెలుగు మాత్రం కాలుతోంది. ఆ డబ్బా అమ్మేద్దాం" అని ఆయన ఆఫీసు క్యాబ్ ఎక్కేశారు. వాడు అన్నం తినలేదు. మధ్యలో నేను.

ఇలాంటప్పుడు మనం చేసే పని మీకూ తెలుసు. ఇద్దరికీ వత్తాసు పలికి, ఇద్దరి చేతా తిట్లు తింటాం. ఈసారి అలా కాకుండా, మధ్యాహ్నం కంచం వాడి గదిలోకి తీసుకెళ్ళి, "అసలు ఏం కాల్చావో చూపించు, తింటూ చెప్పు" అన్నాను. ఆ పూట తెలుసుకున్నదే ఈ వ్యాసం.

వీడూ, వీడి స్నేహితులు ముగ్గురూ కలిసి హాఫ్-లైఫ్ 2 అనే పాత ఆట మొదటి ఘట్టాన్ని మళ్ళీ కడుతున్నారు. ఆ ఆట 2004లో వచ్చింది, అంటే మావాడు పుట్టక ముందు. ఇలా ఉన్న ఆటను విప్పి, మార్చి, కొత్తగా కూర్చడాన్ని మాడింగ్ అంటారట. ఆట మధ్యలో మన చేతికి పని లేకుండా చిన్న సినిమా ముక్కలా వచ్చేదాన్ని కట్‌సీన్ అంటారు. ఆ ఆట మొదట్లో ఒక మనిషి ముఖం చీకట్లోంచి బయటికొచ్చి మనతో మాట్లాడుతుంది, తర్వాత మనం రైల్లో ఒక స్టేషన్‌కి చేరతాం. దాన్ని వీళ్ళు తెలుగు మాటలతో చేస్తున్నారు.

ఇక వెలుగు కాల్చడం. ఆట నడుస్తున్నప్పుడు తెర మీద సెకనుకు అరవై బొమ్మలు మారుతుంటాయి. దీపం వెలుతురు తగిలిన చోటే ఆగదు కదా, గోడకి తగిలి నేల మీద పడుతుంది, నేల నుంచి కప్పుకి. మా హాల్లో ఒక గోడకి పసుపు రంగు వేయించాం. సాయంత్రం నాలుగింటికి దాని మీద ఎండ పడితే తెల్ల కప్పు కూడా పసుపు తిరుగుతుంది. ఈ లెక్కంతా సెకనుకు అరవైసార్లు చేయడం అప్పటి కంప్యూటర్ల వల్ల కాలేదు. అందుకని ముందే చేసి పెట్టుకునేవారు. ప్రతి గోడనీ చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఏ గడి మీద ఎంత వెలుగు పడుతుందో, ఎక్కడ నీడ ఉంటుందో లెక్కగట్టి, ఆ ఫలితాన్ని ఒక బొమ్మలా దాచుకుని, ఆట నడిచేటప్పుడు గోడ మీద పరుస్తారు. ఆ బొమ్మ పేరు లైట్‌మ్యాప్. 1996లో వచ్చిన క్వేక్ అనే ఆటలోనూ ఇదే పద్ధతి.

"ఓస్, వడియాలు!" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. ఎండాకాలంలో మేడ మీద పాత చీర పరిచి, వంగి వంగి, నడుం విరిగేలా వడియాలు పెడతాం. మూడు రోజులు ఎండ, కాకుల కాపలా. వానాకాలంలో చుట్టాలొస్తే నూనెలో వేయగానే నిమిషంలో పొంగుతాయి. తినేవాళ్ళకి ఆ నిమిషమే కనిపిస్తుంది. మేడ మీద మూడు రోజులు ఎవరికీ కనిపించవు. వీడి బేకింగ్ కూడా అంతే. చూసేవాడికి అరక్షణం, చేసేవాడికి రాత్రంతా.

వడియాలకున్న చిక్కు కూడా దీనికుంది. ఎండాక ఉప్పు సరిచేయలేం. వీడు ఒక స్తంభాన్ని జానెడు పక్కకి జరిపితే, పాత నీడ పాత చోటే మిగిలిపోతుంది. మళ్ళీ కాల్చాల్సిందే. గళ్ళ కొలత మామూలుగా పదహారు అట. నీడ అంచు సన్నగా రావాలని దాన్ని ఎనిమిది చేస్తే గళ్ళు రెట్టింపు కావు, నాలుగు రెట్లవుతాయి. లెక్కల పేపర్ తప్పిన పిల్లాడు ఇది నాకు కాగితం మీద గీసి చూపించాడు. గోడకీ కప్పుకీ మధ్య వెంట్రుకంత సందు మిగిలినా ప్రోగ్రామ్ అక్కడే తప్పు పడుతుందట. ఆ సందు ఎక్కడుందో వెతకడానికి ఒకసారి రెండు రాత్రులు పట్టిందన్నాడు.

అప్పుడు వాడు కట్‌సీన్ చూపించాడు. స్నేహితుడి గొంతు బాగుంది, తెలుగూ బాగుంది, కానీ ఆ మనిషి మాట్లాడుతుంటే డబ్బింగ్ సీరియల్ చూస్తున్నట్టుంది. ముఖాలు కదపడానికి ఫేస్ పోజర్ అని వేరే పనిముట్టు ఉంది. ఏ క్షణాన కన్ను ఎటు తిప్పాలి, కనుబొమ్మ ఎప్పుడు ఎత్తాలి, నోరు ఎలా తెరవాలి అన్నీ ఒక గీత మీద వరసగా పేర్చుకోవాలి. ఇంగ్లీషు మాటలైతే పెదవుల కదలిక కొంత అదే పట్టుకుంటుంది. తెలుగుకి చేత్తో దిద్దుకోవాలి.

"ఎక్కడో తేడా ఉంది, ఎక్కడో తెలియట్లేదు" అన్నాడు.

నాకు తెలిసింది. బీఏ తెలుగులో చదువుకున్న వర్ణోత్పత్తి ఇరవై ఏళ్ళ తర్వాత పనికొచ్చింది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు. పెదవులు రెండూ కలవకుండా అవి పుట్టవు. మీరూ ఒకసారి పెదవులు కలపకుండా "అమ్మ" అనండి చూద్దాం. క, గ కంఠంలో పుడతాయి, త, ద పళ్ళ దగ్గర. బయటివాళ్ళకి అవి పెద్దగా కనిపించవు, కొంచెం అటూఇటూ అయినా నడుస్తుంది. కానీ "మ" దగ్గర నోరు తెరిచి ఉంటే ఎదుటివాడి కన్ను వెంటనే పట్టేస్తుంది. ఇద్దరం అద్దం ముందు కూర్చుని, ఓష్ఠ్యం వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టాం. సాయంత్రానికి ఆ మనిషి తెలుగు మాట్లాడాడు.

అయితే ఒక చోట మాకు గొడవైంది. మొదట్లో ముఖం చీకట్లోంచి వస్తుందన్నాను కదా. వీడు అక్కడ ఇంకో దీపం పెట్టాడు. స్టేషన్లోనూ రెండు ఎక్కువ పెట్టాడు. ఎందుకురా అంటే, "పాతదాంట్లో సరిగ్గా కనిపించదమ్మా, ఇప్పుడు చేయొచ్చు కదా" అన్నాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన చూశాను. కొత్తదాంట్లో ముఖం బాగా కనిపించింది. కానీ భయం పోయింది.

నాకు మాయాబజార్ గుర్తొచ్చింది. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన ఆ సినిమాని మన హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ సంస్థ వాళ్ళు రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేశారు. నలుపు తెలుపుల సినిమాకి ఒక్కో బొమ్మకీ రంగులద్దడం ఎంత ఓపిక పనో ఇప్పుడు మావాణ్ణి చూశాక ఇంకా బాగా తెలుస్తోంది. మామయ్యగారిని తీసుకుని అందరం వెళ్ళాం. ఘటోత్కచుడు పెళ్ళి భోజనం లాగిస్తుంటే ఆ లడ్లూ అరిసెలూ రంగుల్లో చూసి పిల్లలు గంతులేశారు. నాకూ నచ్చింది. కానీ పడవలో "లాహిరి లాహిరి" దగ్గరికి వచ్చేసరికి, మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెలే నాకు ఇంకా చల్లగా అనిపించింది. రంగులద్దినవాళ్ళ పనితనానికి వంక పెట్టను. వెన్నెలకి రంగు లేకపోవడం లోటు కాదని మాత్రం నా అభిప్రాయం.

పాతదాన్ని మళ్ళీ కట్టేవాళ్ళకి ఒక క్రమశిక్షణ కావాలి. తెలుగు చదువుకున్నవాళ్ళం దాన్ని పరిష్కరణ అంటాం. సి.పి.బ్రౌన్ కడపలో ఇల్లు కొని, పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి శుద్ధ ప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. ఆ పనిలో మొదటి సూత్రం ఏమిటంటే, ప్రతిలో ఉన్నది నీకు నచ్చకపోతే అది తప్పని అనుకోకు. మార్చాల్సి వస్తే ఎందుకు మార్చావో చెప్పు. నీ పద్యాన్ని కవి పద్యాల మధ్యలో దూర్చకు. అలా దూర్చినదానికి ప్రక్షిప్తం అని పేరు.

ఇదంతా చెబితే మావాడు ఊరుకోలేదు. బ్లాక్ మీసా గురించి చెప్పాడు. 1998లో వచ్చిన మొదటి హాఫ్-లైఫ్‌ని అభిమానులు కొందరు కలిసి మొత్తం మళ్ళీ కట్టారు. 2012లో ఉచితంగా ఇచ్చారు. వేరే లోకంలో జరిగే చివరి భాగం పూర్తయ్యేసరికి 2020 వచ్చింది. పాత ఆటలో ఆ భాగం హడావిడిగా ముగిసిందని చాలామందికి అసంతృప్తి ఉండేదట. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు దించకుండా బాగా పెంచి కట్టారు. అసలు ఆట చేసిన కంపెనీయే దాన్ని అమ్ముకోవడానికి ఒప్పుకుంది. "మరి అది ప్రక్షిప్తమా?" అన్నాడు.

మంచి ప్రశ్న. నా జవాబు ఇది. వాళ్ళు మూలాన్ని ఏళ్ళ తరబడి చదివి, ఎక్కడ బలహీనంగా ఉందో తెలుసుకుని అక్కడ చెయ్యి పెట్టారు. నువ్వు చేతిలో దీపం ఉంది కదా అని పెట్టావు. మార్చడం తప్పు కాదు, కారణం లేకుండా మార్చడం తప్పు. వాడు కాసేపు ఆలోచించి ముఖం దగ్గర దీపం తీసేశాడు. స్టేషన్లో ఒకటి ఉంచుకున్నాడు. దానికి వాడు చెప్పిన కారణం నాకు నచ్చింది. తెలుగు బోర్డు మీద అక్షరాలు చదవడానికట.

ఇక్కడ నా అసలు మాట చెబుతాను. మన ఇళ్ళలో పిల్లలు కంప్యూటర్ ముందు కనిపిస్తే మనం అడిగేది ఒకటే, "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" ఈ బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ రోడ్ల మీద హోర్డింగులన్నీ అదే ప్రశ్న అడుగుతాయి. ర్యాంకు, ప్యాకేజీ. ఆ ప్రశ్నకి పిల్లల దగ్గర జవాబు ఉండదు, తలుపు వేసుకుంటారు. నిజానికి ఆ ప్రశ్న మనల్ని అడిగినా మన దగ్గర జవాబు ఉండదు. వడియాలు బజార్లో దొరుకుతాయి కదా అంటే ఏం చెబుతాం? దానికి బదులు, "ఏం చేశావు? ఏది మార్చావు? ఎందుకు?" అని అడిగి చూడండి. ఊరికే ఆడి కాలం గడిపేవాడైతే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. నిజంగా పని చేస్తున్నవాడైతే కంచంలో అన్నం చల్లారేదాకా చెబుతాడు. తేడా తెలుసుకోవడానికి మనకి కంప్యూటర్ రానక్కర్లేదు.

అలాగని ఈ పని వాడికి ఉద్యోగం తెచ్చిపెడుతుందని నేను అనను. లెక్కల పేపర్ లెక్కల పేపరే. రాత్రి మా వారికి అన్నీ చెప్పి, ఆ పదహారు, ఎనిమిది గళ్ళ కాగితం చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంత తెలిసినవాడు పరీక్షలో ఎందుకు తప్పాడు?" అన్నారు. దానికి నేనూ మావాడూ ఏమీ మాట్లాడలేదు. చివరికి పగలు పుస్తకాలు, రాత్రి పదింటి తర్వాత బేకింగ్ అని ఒప్పందం కుదిరింది. డబ్బా అమ్మకం సప్లిమెంటరీ ఫలితాల దాకా వాయిదా. ఆ ఫలితాలు ఇంకా రాలేదు.

ఇప్పుడు వాడి గది స్విచ్చి మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "ఆపొద్దు, వడియాలు ఎండుతున్నాయి" అని. తెల్లవారుజామున ఆ హోరు విని, చదువుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తున్నాను.