ఆ క్రీడ, ఈ-క్రీడ: ఊరి పేరు ఎవరి సొత్తు?



హాకీ అభిమానులకు కోపం ఎక్కువ. అందుకు వారిని తప్పుపట్టలేము. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన ఆట కళ్లముందే బడి మైదానాల నుంచి తొలగిపోతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ కోపం ఇప్పుడు ఈ-స్పోర్ట్స్ మీదికి మళ్లినది. మన నగరం పేరు తగిలించుకొని, తెరముందు కూర్చొని ఆడే జట్టు ఒకటి వెలసినదని వినగానే "ఇదీ ఒక ఆటేనా? హాకీని చంపినది ఇదే" అని మావాళ్లు తీర్పు చెప్పివేస్తున్నారు. నేనూ హాకీ పక్షపాతినే. అయినా ఈ తీర్పు నాకు సమ్మతం కాదు. కోపం న్యాయమైనదే గాని గురి తప్పినది. అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: "మా ఊరి పేరు పెట్టుకున్నావు, మా ఊరికి ఏమి పెట్టావు?" ఆ ప్రశ్న ఈ-స్పోర్ట్స్ వారినే కాదు, హాకీ జట్ల యజమానులనూ అడగాలి.

మొదట మాట సంగతి చూద్దాము. ఈ-స్పోర్ట్స్‌ను కొందరు "ఈ-క్రీడ" అని తెనిగిస్తున్నారు. తెలుగులో "ఈ" అనగానే దాని ప్రక్కన "ఆ" నిలుచుంటుంది. అందుకే కాబోలు మనవాళ్లు "ఆ" క్రీడ గొప్పదా, "ఈ" క్రీడ గొప్పదా అని తగవుకు దిగారు. కాని భాష ఇంత ఇరుకైనది కాదు. సంస్కృతంలో నీళ్లలో ఈదులాడితే జలక్రీడ, పాచికలు వేస్తే అక్షక్రీడ. తెలుగులో "ఆట" ఇంకా విశాలమైనది. తోలుబొమ్మలాట ఆటే, బొంగరాలాట ఆటే, పులిజూదమూ ఆటే. చెమట పడితేనే ఆట అన్న నియమం మన పెద్దలెవరూ పెట్టలేదు.

ఒంటికి పని లేనిది క్రీడ కాదంటే చదరంగాన్ని ఏమి చేద్దాము? 2024 డిసెంబరులో కోనేరు హంపి రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినప్పుడు "కూర్చొని గెలిచింది కదా" అని ఎవరైనా పెదవి విరిచారా? అదే నెలలో మన వరంగల్లు బిడ్డ ఎరిగైసి అర్జున్ 2800 రేటింగు దాటినప్పుడు పండుగ చేసుకున్నాము. కాబట్టి కూర్చొని ఆడటం నేరం కాదు. ఈ వాదాన్ని ఇక్కడితో వదిలివేయడం హాకీకే గౌరవం.

రెండవ ఆరోపణ: తెర ఆటలు హాకీని చంపాయట. చరిత్ర అలా చెప్పదు. పచ్చిక నేల మీద ఆడే హాకీని 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా కృత్రిమ పచ్చిక మీదికి ఎక్కించారు. 1928 నుంచి ఒక్కసారైనా పతకం లేకుండా తిరిగిరాని భారత జట్టు ఆ ఏడు ఏడవ స్థానంలో నిలిచినది. ఆనాడు ఏ పిల్లవాని చేతిలోనూ ఫోను లేదు. ఆ తరువాత సంగతి ఇంకా కఠినమైనది. కృత్రిమ పచ్చిక పరచడానికి కోట్లు కావాలి, దానిని తడపడానికి నీళ్లు కావాలి. మట్టి మైదానంలో కర్ర పట్టిన పిల్లవాడికీ దేశం జట్టుకూ నడుమ గోడ లేచినది. ఆ గోడ కట్టినది ఈ-స్పోర్ట్స్ కాదు.

2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల నుంచి హాకీని తప్పిస్తున్నట్లు 2024 అక్టోబరులో ప్రకటించారు. తప్పించినది ఖర్చు తగ్గించుకోవడానికి. అదీ ఫోను చేసిన పని కాదు. ఇక మన పాఠశాలల సంగతి బడిలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగానే మొదట మాయమయ్యేది డ్రిల్లు పీరియడు. ఆ గంట గణితానికో, ఆంగ్లానికో పోతుంది. డ్రిల్లు సారు బదిలీ అయితే ఆ ఖాళీ నిండేది ఎన్నడో దేవుడికెరుక. మైదానంలో ఒక మూల కొత్త తరగతి గది లేస్తుంది, ఇంకొక మూల నీళ్ల ట్యాంకు లేస్తుంది. మిగిలిన జాగాలో పిల్లలు ఆడితే ఆడాలి, లేకపోతే లేదు. హాకీ ఇలా అంగుళం అంగుళంగా ఓడిపోయినది. ఫోను ఆ ఖాళీలోకి తరువాత వచ్చి కూర్చున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు హైదరాబాద్ సుల్తాన్స్ అనే జట్టు ఉండేది. ఆ తొలి ఏడు పోటీలు గచ్చిబౌలి మైదానంలో జరిగాయి, విజేత కూడా సుల్తాన్సే. హైదరాబాదు పేరున్న జట్టు హైదరాబాదులో ఆడి, హైదరాబాదు జనం ముందు గెలిచినది. 2008తో ఆ లీగ్ ముగిసినది గాని ఆ జట్టు పేరుకు అర్థం ఉండినదని చెప్పుకోవచ్చు.

2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ ఏడేండ్ల విరామం తరువాత మళ్లీ మొదలైనది. ఈసారి మన పేరు హైదరాబాద్ తూఫాన్స్. జట్టు బాగానే ఆడినది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్లో బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4 తేడాతో ఓడి రెండవ స్థానంలో నిలిచినది. కాని ఆ ఏడు పురుషుల పోటీలు రౌర్కెలాలో, రాంచీలో జరిగాయి. తుపాను పేరు హైదరాబాదుది, వాన కురిసినది ఒడిశాలో! హైదరాబాదు పిల్లవాడు తన ఊరి జట్టును తన ఊరి మైదానంలో ఒక్కసారి చూడలేదు. తెరమీదనే చూశాడు. అంటే ఆ పిల్లవాడి వరకు హాకీ కూడా ఈ-క్రీడే అయినది. దీని మీద మా హాకీ మిత్రుల కోపం ఎక్కడ దాగినదో నాకు తెలియదు.

ఈ-స్పోర్ట్స్ వారూ ఈ దారినే నడిచారు. 2021లో స్కైఈస్పోర్ట్స్ లీగ్ అనే పోటీకి నగరాల పేర్లతో జట్లను దింపినప్పుడు మనకు దక్కినది హైదరాబాద్ హైడ్రాస్. ఆడిన ఆట వాలరాంట్. హైడ్రా అంటే గ్రీకు పురాణంలో తలలు నరికినకొద్దీ మొలిచే పాము. ఇప్పుడు హైదరాబాదులో ఆ పేరు చెబితే చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ గుర్తుకు వస్తుంది గాని ఆటగాళ్లు గుర్తుకు రారు. ఊరిలో వేరు లేని పేరు ఎంతకాలం నిలుస్తుందో చూడండి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. కెనడాలో వాంకూవర్ నగరానికి ఐస్ హాకీ ప్రాణం. అక్కడి కానక్స్ జట్టు యజమానులే 2018లో వాంకూవర్ టైటాన్స్ అనే ఈ-స్పోర్ట్స్ జట్టును నిలిపారు. రంగులు కూడా హాకీ జట్టువే, నీలం, ఆకుపచ్చ. ఆడినది మాత్రం కొరియా కుర్రవాళ్లు. 2019లో ఆ జట్టు ఓవర్‌వాచ్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లినది. 2020 మేలో ఆటగాళ్లందరినీ ఒక్కసారిగా సాగనంపారు. 2023తో ఆ లీగే మూతపడినది. హాకీ నీడలో మొలిచిన మొక్క ఐదేండ్లు నిలువలేదు. అక్కడి ఐస్ హాకీ అభిమాని "ఇది ఆట కాదు" అని గొడవపడి ఉంటే అది వ్యర్థవాదం. "ఇది మా ఊరిది కాదు" అని ఉంటే, కాలమే అతనికి సాక్ష్యం చెప్పినది.

ఈ-స్పోర్ట్స్ అభిమానులకూ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. నాయనలారా, మీ ఆటకు ఉన్న అసలు లోపం చెమట లేకపోవడం కాదు. మీ ఆటకు యజమాని ఉన్నాడు. హాకీకి యజమాని లేడు. వంకర కర్ర ఒకటి, బంతి ఒకటి దొరికితే ఆట మొదలవుతుంది. ఏ కంపెనీ మూతపడినా ఆగదు. మీది అలా కాదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీని ప్రభుత్వం నిషేధించినది. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ 2022 జులై 28న ఆగిపోయి, మళ్లీ 2023 మేలో తిరిగివచ్చినది. ఆ పది నెలలు దానినే నమ్ముకొని ఏండ్లుగా సాధన చేసినవారి గతి ఏమిటి? రాత్రికి రాత్రి మైదానం మాయమయ్యే ఆటను బ్రతుకుతెరువు చేసుకోమని పదిహేనేండ్ల పిల్లవానికి చెప్పేవారు ఈ మాట కూడా చెప్పాలి.

ఇంకొక మాట. ఆటకూ జూదానికీ నడుమ గీత చెరగరాదు. ధర్మరాజు కథ తెలిసిన జాతికి ఇది వేరే చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించినది. గీత గీచినది చట్టం. దానిని కాపాడవలసినది మీరు. జట్టు చొక్కా మీద పందెపు కంపెనీ గుర్తు కనిపించిన నాడు హాకీవారి తిట్లన్నీ న్యాయమైపోతాయి.

నిజామాబాదు జిల్లా మోర్తాడులో ఉండి ఈ పట్టణపు జట్ల తగవు నాకెందుకని మీరు అడగవచ్చు. మా మండలంలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. ఇంట్లోకి ఫోను ఆటకోసం రాలేదు. దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న తండ్రి ముఖం బిడ్డకు చూపడానికి వచ్చినది. మాటలు అయిపోయిన తరువాత అదే ఫోనులో ఆట మొదలవుతుంది. ఆ పిల్లవాణ్ణి తిట్టడం సులువు. సాయంత్రం అయిదింటికి అతడు పోవడానికి ఒక మైదానం, పిలవడానికి ఒక సారు ఉన్నారా అని అడగడం కష్టం. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా ఈ జిల్లా మట్టిలో సత్తువ తక్కువ కాదు. 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాదు బిడ్డ. భారత మహిళల హాకీ జట్టులో ఆడిన యెండల సౌందర్య ఈ ఊరి బిడ్డే. వారి చొక్కాల మీద దేశం పేరు ఉన్నది గాని ఊరి పేరు లేదు. ఊరి పేరును మోసినది మాత్రం వారే. చొక్కా మీద పేరు వ్రాయించుకున్నవారు ఏమి మోశారు?

"పెట్టుబడి మాది, పేరు ఏదైనా పెట్టుకుంటాము" అని యజమానులు అనవచ్చు. పేరు ఉత్తిదైతే కోట్లు పోసి నగరాల పేర్లే ఎందుకు? ఆ పేరు వినగానే జనం గుండె కొట్టుకుంటుందని, ఆ చప్పుడుకు వెల ఉన్నదని వారికి తెలుసు. పేరొకటే మిగిలితే ఎలా ఉంటుందో మాకూ తెలుసు. బోధను ప్రక్కన శక్కర్‌నగర్ ఉన్నది. పేరులోనే చక్కెర ఉన్నది. అక్కడి నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు రైతుకూ, కార్మికునికీ ఆ పేరు కడుపు నింపలేదు.

కాబట్టి, హాకీ అయినా ఈ-స్పోర్ట్స్ అయినా, ఊరి పేరు వాడుకునేవారు మూడు బాకీలు తీర్చాలి. ఏడాదికి కొన్ని పోటీలైనా ఆ ఊరి జనం ముందు ఆడాలి. జట్టులో కొన్ని చోట్లు ఆ ప్రాంతపు పిల్లలకు ఉంచి, ఎంపికకు సర్కారు బడుల గడప కూడా తొక్కాలి. ఆ పేరుమీద వచ్చిన ఆదాయంలో కొంత భాగంతో ఒక బడి మైదానాన్నీ, ఒక శిక్షకుణ్ణీ నిలబెట్టాలి. తీర్చలేనివారు తమ కంపెనీ పేరుతో ఆడుకోవచ్చు, ఎవరూ అడ్డురారు. హాకీ అభిమానులు ఈ పత్రం పట్టుకొని ఈ-స్పోర్ట్స్ కుర్రవాళ్లతో కలిసి యజమానుల ఎదుట నిలబడితే బాగుంటుంది. ఈ ఇద్దరికీ శత్రుత్వం లేదు. ఇద్దరి ఊరి పేరునూ అమ్ముకుంటున్నది ఒకే అంగడి.

చివరగా తెలుగు పండితుని చాదస్తం ఒకటి. మన భాషలో "ఆడు" అనే ధాతువుకు క్రీడించుట ఒక అర్థం, పలుకుట ఇంకొక అర్థం. ఊరి పేరు పెట్టుకొని ఆడటమంటే ఆ ఊరికి మాట ఇవ్వటమే. ఆడి ఓడినవారిని అభిమాని క్షమిస్తాడు. ఆడి తప్పినవారిని క్షమించనక్కరలేదు.

స్వస్తి.