ఎలాన్ వేరు, బాతాఖానీ వేరు

ఉర్దూలో వాలంటీర్‌ని రజాకార్ అంటారు. తెలంగాణలో ఆ మాట నోట్లోంచి బయటికి రాదు. 1947-48లో ఖాసిం రజ్వీ మూక చేసిన జుల్ముతో ఆ లఫ్జ్‌కి అంటిన నెత్తుటి మరక ఇంకా పోలేదు. లేకిన్ దాని అసలు మానీ చూడండి. రజా అంటే ఇష్టం, సమ్మతి. ఎవరూ బలవంతపెట్టకుండా, జీతం అడక్కుండా తన రజాతో పనిచేసే మనిషి అని.

ఆ అర్థానికి ఇవాళ సరిగ్గా సరిపోయేవాళ్లు వికీపీడియాలో రాసేవాళ్లు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, ఉర్దూది 2004 జనవరిలో. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటోడికి రెండూ సొంతిల్లే. అందులో రాసేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పేజీకి తెలుగులో రచ్చబండ అని పేరు. ఉర్దూలో దీవానె ఆమ్. ఒకటి ఊళ్లో చెట్టు కింది అరుగు, ఇంకోటి బాద్షా జనం ఫిర్యాదులు విన్న దర్బారు. రెండు జుబాన్‌లూ తమ తమ తెహజీబ్‌లోంచి ఎంత చక్కటి పేర్లు తీసుకున్నాయో!

అయితే ఊళ్లో రచ్చబండ ఒక్కటే ఉండేది కాదు. చాటింపు కూడా ఉండేది. అరుగు మీద కూర్చునే తీరిక లేనివాళ్లకి, కూర్చునే హక్ లేనివాళ్లకి కూడా డప్పు చప్పుడుతో ఖబర్ ఇంటిముందుకొచ్చేది. ఆ డప్పు కొట్టినవాణ్ణి ఏనాడైనా అరుగు మీద కూర్చోనిచ్చారా అన్నది వేరే సవాల్, దాన్నీ మర్చిపోవద్దు. నేను చెప్పేదేంటంటే, మాట్లాడుకునే జాగా వేరు, తెలియజేసే దారి వేరు అన్న సంగతి మన ఊళ్లకి ఎప్పట్నుంచో తెలుసు.

మన వాలంటీర్ బృందాలే దాన్ని మర్చిపోయాయి. పాత పుస్తకాలు స్కాన్ చేసేవాళ్లయినా, రక్తదానం చేయించేవాళ్లయినా, బస్తీ పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లయినా మొదట చేసే పని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టడం. వారం తిరక్కుండానే గులాబీపూల గుడ్ మార్నింగ్‌లు, జుమ్మా ముబారక్‌లు, రాజకీయాల ఫార్వర్డ్‌లు, ఇద్దరి మధ్య అర్ధరాత్రి దాకా బహస్. వాటి నడుమ ఎక్కడో 'ఆదివారం పదింటికి అందరూ రావాలి' అన్న ఒక్క లైను. నైట్ డ్యూటీ చేసే కుర్రాడు దాన్ని చూడడు. పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ తీసే తల్లి చూడదు. దమ్మామ్‌లో డ్రైవర్‌గా ఉంటూ ఇక్కడి పనికి పైసలు పంపే భాయ్ అస్సలే చూడడు. తర్వాత అడిగితే జవాబు రెడీగా ఉంటుంది: 'గ్రూపులో పెట్టాం కదా!'

గ్రూపులో పెట్టడం చెప్పడం కాదు. ఎలాన్ కోసం ఒక వేరే దారి ఉండాలి. అందులో బాతాఖానీ ఉండకూడదు.

దీనికి కొందరు ఎతరాజ్ చెప్తారు. 'ఒకవైపు నుంచే మాట్లాడితే అది హుకుమ్ కాదా? మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం కదా?' సందేహం వాజిబే. లేకిన్ మైకు లేని చోట కూడా రాజ్యం ఉంటుంది. అక్కడ తీరిక ఉన్నవాడిదే రాజ్యం. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చోగలిగిన నలుగురు మాట్లాడుకున్నదే అందరి ఫైసలా అయిపోతుంది.

1993లో మొదలైన డెబియన్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును దునియా నలుమూలలా ఉన్న వాలంటీర్లు నడుపుతున్నారు. బహస్‌లకి వాళ్లకి బోలెడన్ని జాగాలున్నాయి. డెవలపర్లకి ముఖ్యమైన ఎలాన్‌లు మాత్రం విడిగా ఒకే దారిలో వస్తాయి. అన్ని బహస్‌లూ చదవమని ఎవర్నీ అడగరు. ఆ ఎలాన్‌లు మాత్రం డెవలపర్లంతా చదవాలి. ఇంతమంది అన్నేళ్లు కలిసి పనిచేయడం వెనక ఇలాంటి చిన్న చిన్న ఇంతెజామ్‌లే ఉంటాయి.

కాబట్టి నా తరఫున కొన్ని షరతులు. ఎలాన్ ఫైసలా అయిపోయాక రాకూడదు, కాకముందే రావాలి. ఫలానా విషయం, ఫలానా తారీఖు దాకా ఫలానా చోట మష్వరా జరుగుతుంది, వచ్చి మాట్లాడండి అని ఉండాలి. అప్పుడది హుకుమ్ కాదు, దావత్. తాళంచెవి ఒక్కరి చేతిలో ఉండొద్దు. ముగ్గురి దగ్గర ఉండాలి, వాళ్లలో ఒక్క ఆడమనిషైనా ఉండాలి. నెలకి నాలుగు ఎలాన్‌లు దాటొద్దు. పండగ ముబారక్‌లు కూడా అందులో వద్దు. నిన్న చేరినవాళ్లకి కూడా పాత ఎలాన్‌లు దొరకాలి. మన బస్తీల్లో అయితే ప్రతి ఎలాన్ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.

అన్నిటికంటే పెద్దది రజా. అడక్కుండా ఎవరి నంబరూ చేర్చొద్దు. వెళ్లిపోతానంటే ఎందుకని అడగొద్దు. మామూలు గ్రూపులో ఒకరి నంబర్ అందరికీ కనబడుతుంది. పని చేయాలని దిల్‌లో ఉన్నా ఎంతమంది ఆడపిల్లలు ఈ ఒక్క భయంతో ఆగిపోతున్నారో ఆలోచించండి. 2018 నుంచి అడ్మిన్లు మాత్రమే రాసే సెట్టింగ్ ఉంది గానీ, నంబర్ల సమస్య దాంతో తీరదు. 2023లో మన దగ్గరికొచ్చిన ఛానెల్‌లో అయితే ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. పైసా ఖర్చు లేని పని.

జీతం తీసుకునేవాడికి మనసు విరిగితే రాజీనామా ఇస్తాడు, కారణం రాస్తాడు. వాలంటీర్ ఏమీ రాయడు. రెండుసార్లు ఖబర్ అందకపోతే తన అవసరం లేదనుకుని ఖామోష్‌గా పక్కకి తప్పుకుంటాడు. గ్రూపులో పేరు అలాగే ఉంటుంది, మనిషి ఉండడు. మీ బృందంలో అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేసి, ఆఖరిసారి ఏ ఖబర్ అందిందో అడగండి.